ఆకారానికి లొంగని అభినయం: ఎస్వీ రంగారావు

సామర్ల వెంకట రంగారావు తెలుగు సినిమాలో క్యారెక్టర్ నటనకు కొలబద్దగా నిలిచిన నటుడు. సుమారు పాతికేళ్ల సినీ జీవితంలో ఆయన కథానాయకుడిగా కనిపించిన చిత్రాలు చాలా తక్కువ. అయినా ‘పాతాళభైరవి’ అనగానే నేపాళ మాంత్రికుడు, ‘మాయాబజార్’ అనగానే ఘటోత్కచుడు, ‘నర్తనశాల’ అనగానే కీచకుడు గుర్తుకొస్తారు. అదే మనిషి ‘మిస్సమ్మ’లో అమాయకపు జమీందారు, ‘గుండమ్మ కథ’లో తెలివైన పెద్దమనిషి. మాంత్రికుడికీ ఈ పెద్దమనిషికీ మధ్య ఉన్న దూరాన్ని ఒకే శరీరంతో, ఒకే గొంతుతో దాటడంలోనే క్యారెక్టర్ నటుడి పనితనమంతా ఉంది. రంగారావు ఆ దూరాన్ని ఎలా దాటారో చూస్తే ఈ విద్య మెళకువలు తెలుస్తాయి.

నూజివీడు నుంచి మద్రాసుకు

రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. మద్రాసు, ఏలూరు, విశాఖపట్నం, కాకినాడల్లో చదువు సాగింది. చదువుకునే రోజుల నుంచే నాటకాల పిచ్చి పట్టుకుంది. కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఆయనకు అసలైన బడి. తర్వాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న అంజలీదేవి, ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్బు వేదిక ఎక్కినవారే. తెలుగు నాటకాలతో పాటు షేక్‌స్పియర్ పాత్రలూ వేయడం వల్ల పద్య నాటకపు బాణీ, పాశ్చాత్య నాటకపు పాత్రపోషణ రెండూ ఆయనకు ఒంటబట్టాయి.

పట్టా చేతికొచ్చాక అగ్నిమాపక శాఖలో ఉద్యోగం దొరికింది. నాటకాలకు తీరిక చిక్కక దాన్ని వదిలేశారు. బి.వి.రామానందం దర్శకత్వంలో వచ్చిన ‘వరూధిని’లో ప్రవరాఖ్యుడిగా తెరకు పరిచయమయ్యారు. ఆ చిత్రం ఆడలేదు. అవకాశాలు రాకపోవడంతో జంషెడ్‌పూర్ వెళ్లి టాటా సంస్థలో ఉద్యోగంలో కుదురుకున్నారు. కొంతకాలానికి మళ్లీ మద్రాసు చేరారు. 1950లో ‘పల్లెటూరి పిల్ల’తో పాటు విజయా సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’ వచ్చింది. ఎల్.వి.ప్రసాద్ తీసిన ఆ చిత్రంలో సున్నం రంగడనే పల్లెటూరి రౌడీ పాత్ర ఆయనను నిలబెట్టింది. మరుసటి ఏడాది కె.వి.రెడ్డి ‘పాతాళభైరవి’ విడుదలయ్యాక ఆయనకు వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం రాలేదు.

రంగస్థలం ఇచ్చింది, తెర అడిగింది

ఆ తరం తెలుగు నటుల్లో చాలామంది పద్య నాటకం నుంచి వచ్చినవారే. వేదిక మీద నటుడు చివరి వరుసలో కూర్చున్నవాడికీ వినపడాలి, కనపడాలి. అందుకే గొంతు పెంచడం, చేతులు బారలు చాచడం, రాగం తీసి పద్యాన్ని సాగదీసి ‘వన్స్ మోర్’ అనిపించుకోవడం అలవాటయ్యాయి. కెమెరా ముందు ఈ కొలతలన్నీ మారిపోతాయి. దగ్గరి షాట్‌లో కనుబొమ కాస్త కదిలినా తెర నిండుతుంది. మైకు గుసగుసనూ పట్టుకుంటుంది.

రంగారావు నాటకం నుంచి ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో తెలిసిన నటుడు. పౌరాణిక పాత్రలకు కావలసిన రాజసాన్ని, పలుకులోని స్పష్టతను నిలుపుకున్నారు. సాగదీతను వదిలేశారు. పద్యాలు ఆయన పాడేవారు కాదు. అనేక చిత్రాల్లో ఆయనకు మాధవపెద్ది సత్యం గొంతు ఇచ్చారు. మాట ఆయనది, పద్యం వేరొకరిది అయినప్పుడు ఆ అతుకు కనపడకూడదు. పద్యం మొదలయ్యే ముందు మాటలో ఉన్న ఊపును పెదవుల కదలికలోనూ, మెడ నరాల బిగింపులోనూ కొనసాగించడం వల్ల ప్రేక్షకుడికి రెండు గొంతులన్న ఊహే రాదు.

శరీరం, గొంతు, చిన్న చేష్టలు

భారీ విగ్రహం నటుడికి వరమూ కావచ్చు, బంధనమూ కావచ్చు. నిలబడితేనే రాక్షసుడిలా కనిపించే మనిషికి ఎప్పుడూ రాక్షస పాత్రలే వస్తాయి. రంగారావు తన ఆకారాన్ని పాత్రను బట్టి బరువుగానో తేలికగానో మార్చుకునేవారు. హిరణ్యకశిపుడికి ఆ దేహం అహంకారం. ‘మిస్సమ్మ’ జమీందారుకు అదే దేహం మెత్తదనం. ఎక్కడో తప్పిపోయిన కూతురి మీద బెంగ పెట్టుకున్న తండ్రి కాబట్టి ఆ పెద్ద శరీరంలో చిన్న పిల్లాడి ఆత్రం కనిపిస్తుంది.

గొంతు విషయంలో ‘పాతాళభైరవి’ మంచి ఉదాహరణ. పింగళి నాగేంద్రరావు రాసిన మాటల్లో గ్రాంథికపు ఛాయ, హాస్యం, బెదిరింపు కలగలిసి ఉంటాయి. మాంత్రికుడు కథానాయకుడు తోటరాముడిని ‘డింభకా’ అని పిలిచినప్పుడు అందులో లాలన ఉంటుంది. దాని వెనుక అతన్ని బలి ఇవ్వాలన్న ఆలోచనా ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే పిలుపులో వినిపించడానికి రంగారావు అరుపును ఆశ్రయించలేదు. మాటను ఒక క్షణం ఆపి, చివరి అక్షరాన్ని నొక్కారు. ఆ పిలుపు తెలుగువారి వాడుకలోకి వచ్చేసింది.

పాత్రకు ఒకటి రెండు చేష్టలను గుర్తుగా ఎంచుకుని, వాటిని చిత్రమంతటా సమయం చూసి వాడటం మరో మెళకువ. అతిగా వాడితే అది వికారమవుతుంది, అసలు లేకపోతే పాత్రకు ముద్ర ఉండదు. ఈ పద్ధతికి ‘మాయాబజార్’ కంటే గొప్ప రుజువు లేదు. 1957లో వచ్చిన ఆ చిత్రంలో ఘటోత్కచుడు బలరాముడి కూతురు శశిరేఖ రూపం దాల్చి ద్వారకలోని ఆమె ఇంటికి చేరతాడు. అప్పుడు తెర మీద ఉన్నది సావిత్రి. ఆమె శరీరంలో ఘటోత్కచుడు ఉన్నాడని ప్రేక్షకుడు నమ్మాలంటే, రంగారావు ముందుగానే ఆ పాత్రకు స్పష్టమైన నడక, చూపు, ఠీవి ఏర్పరచి ఉండాలి. సావిత్రి వాటిని అందుకుని మాయాశశిరేఖను పోషించిన తీరు ఆమె ప్రతిభకు ఎంత గుర్తో, వాటిని అందించినవాడి పనితనానికీ అంతే గుర్తు.

అదే చిత్రంలోని ‘వివాహ భోజనంబు’ పాట ఇంకో రకం పరీక్ష. లడ్డూలు వాటంతట అవే వచ్చి నోట్లో పడతాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయ చేస్తుంటే నటుడు ఆ మాయకు తగ్గట్టు చూపు నిలపాలి, సమయానికి నోరు తెరవాలి, పైగా తిండి మీద మమకారాన్ని నవ్వులో చూపించాలి. ట్రిక్ షాట్ నిలబడేది సగం కెమెరా వల్లా, సగం నటుడి నమ్మకం వల్లా.

వయసును మోయడం

క్యారెక్టర్ నటుడు చాలాసార్లు తన వయసును దాటి నటించాలి. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో రంగారావు ఎన్టీఆర్‌కూ, అక్కినేనికీ తండ్రి. నిజానికి వాళ్లకూ ఆయనకూ ఐదారేళ్లే తేడా. ఆ వెంకట్రామయ్య పాత్రలో పెద్దరికం నెరిసిన జుట్టుతో వచ్చింది కాదు. కొడుకులు వేషాలు మార్చి గుండమ్మ ఇంట చేరుతుంటే తెర వెనుక ఉండి అంతా నడిపించే తండ్రి తొందరపడడు. ఆ నిదానంలోనే వయసు తెలుస్తుంది. దాసరి నారాయణరావు తొలి చిత్రం ‘తాత మనవడు’లో ఆదరణ కరువైన తాతగానూ ఆయన ప్రేక్షకుల చేత కంటతడి పెట్టించారు.

మృదువైన పాత్రల్లో మరింత లోతైనది ‘బంగారు పాప’ కోటయ్య. జార్జ్ ఇలియట్ నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారంగా బి.ఎన్.రెడ్డి తీసిన ఆ చిత్రంలో, జైలు నుంచి వచ్చిన మొరటు మనిషి ఒక పసిబిడ్డను చేరదీసి పెంచుతాడు. పగతో రగిలే మనసు మెల్లమెల్లగా కరగడమే కథ. ఒక్క సన్నివేశంలో మారిపోయినట్టు చూపితే ఆ కథ తేలిపోయేది. రంగారావు ఆ మార్పును మెట్టు మెట్టుగా చూపారు.

భాషలు దాటిన గుర్తింపు

విజయా వారి ద్విభాషా చిత్రాల వల్ల ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ పాత్రలను రంగారావు తమిళంలోనూ పోషించారు. ‘పడిక్కాద మేధై’లో కుటుంబ పెద్దగా నటించి, దాని తెలుగు రూపం ‘ఆత్మబంధువు’లోనూ అదే పాత్ర వేశారు. ‘నానుమ్ ఒరు పెణ్’, దాని హిందీ, తెలుగు రూపాల్లోనూ ఉన్నారు. భాష మారినప్పుడు మాట లయ మారుతుంది. ఆ లయకు తగ్గట్టు విరామాలను, సైగలను సర్దుకోకపోతే పాత్ర పరాయిగా కనిపిస్తుంది.

1963 నాటి ‘నర్తనశాల’లో కీచకుడి పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి దక్కింది. కథానాయకుడు కాని పాత్రకు, అందులోనూ ప్రతినాయకుడికి అంతర్జాతీయ వేదిక మీద ఆ గౌరవం దక్కడం విశేషం. ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ చిత్రాలకు దర్శకత్వం వహించి నంది బహుమతులు అందుకున్నారు. కథలూ రాశారు. 1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో కన్నుమూసినప్పుడు ఆయన వయసు 56 ఏళ్లు. 2013లో భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా తపాలా శాఖ విడుదల చేసిన బిళ్లల్లో ఆయనదీ ఒకటి.

ఈ బాట విలువ

రంగారావు తర్వాత ఆ తరహా పాత్రల బరువును ప్రధానంగా కైకాల సత్యనారాయణ మోశారు. ‘యమగోల’ యముడు, 1995లో వచ్చిన ‘ఘటోత్కచుడు’ అందుకు నిదర్శనాలు. పౌరాణికాలు తగ్గాక రాక్షసులూ మాంత్రికులూ తెరమరుగయ్యారు గానీ తండ్రులు, తాతలు, ఊరి పెద్దలు సినిమాలోనూ టీవీ సీరియళ్లలోనూ మిగిలే ఉన్నారు. సీరియల్ నటుడికి రోజుకు ఎన్నో సన్నివేశాలు పూర్తి చేయాల్సిన ఒత్తిడి ఉంటుంది. ఆ తొందరలో అన్ని పాత్రలకూ ఒకే గొంతు, ఒకే చూపు వాడేయడం సులువు. రంగారావు పద్ధతి అక్కడే అక్కరకొస్తుంది: పాత్రకు ఒక నడక, ఒక విరామం, ఒక చేష్ట ముందే నిర్ణయించుకుంటే తక్కువ వ్యవధిలోనూ మనిషి కనిపిస్తాడు.

కథానాయకుడు తన ముద్రను చిత్రం నుంచి చిత్రానికి మోసుకెళ్లవచ్చు, ప్రేక్షకుడు కోరేదీ అదే. క్యారెక్టర్ నటుడు ప్రతిసారీ పాత ముద్రను చెరిపేసుకుని రావాలి. నటన నేర్చుకునేవారు ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ చిత్రాలను వరసగా చూసి, రంగారావు ఒక్కరినే గమనించాలి. ఏడేళ్ల వ్యవధిలో ముగ్గురు వేర్వేరు మనుషులైన ఆ నటుడి నుంచి, ఏ శిక్షణాలయంలోనైనా మొదట నేర్పాల్సిన పాఠాలు నేరుగా దొరుకుతాయి.