రచనా పాఠానికి విషయం ఎవరు నిర్ణయించాలి?

కొత్తగా రాస్తున్నవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం తేవాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సమావేశాల్లో చర్చ ఒకే దారిలో నడుస్తుంది. వస్తువు గురించి రాయాలని ఒకరు, శిల్పం గురించి రాయాలని ఇంకొకరు, దృక్పథం సంగతి తేలకుండా ఈ రెండూ దేనికని మరొకరు అంటారు. ఎవరూ రాయరు. ఈసారి కొందరు మిత్రులు, ఏం రాయాలో పాఠకులనే అడుగుదామని ప్రతిపాదించారు. అడిగాం. ఉత్తరాలూ, గోష్ఠుల్లో అందిన చీటీలూ పోగుపడ్డాయి. వాటిని కూర్చుని చదివినవాళ్లలో నేనొకణ్ణి.

ఎక్కువమంది అడిగినవి ఊహించదగినవే. కథ ఎలా ఎత్తుకోవాలి, ఎలా ముగించాలి, ఎన్ని పేజీలుండాలి, ఏ పత్రికకు పంపితే వేసుకుంటారు. లెక్కపెట్టి ఎక్కువ చీటీలు దేనికొస్తే దాని మీద పుస్తకం వేద్దామని ఒక మిత్రుడన్నారు. ప్రజాస్వామికంగానే వినిపించే ఈ మాటతో నాకు పేచీ ఉంది. పాఠకుణ్ణి అడగడం వేరు, పాఠకుడి చీటీని ఓటుగా మార్చడం వేరు. ఓటును లెక్కపెడతాం, ప్రశ్నను చదవాలి.

దీనికి మనకొక మంచి ఉదాహరణ ఉంది. 1928లో మక్సీమ్ గోర్కీ, తాను రాయడం ఎలా నేర్చుకున్నాడో చెబుతూ ఒక వ్యాసం రాశాడు. ఆ విషయాన్ని ఆయన తనంతట తాను ఎంచుకోలేదు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ శ్రామిక యువకులు నోటితో అడిగిన ప్రశ్నలూ, రాసిచ్చిన చీటీలూ, వచ్చిన ఉత్తరాలూ దాన్ని ఎంచాయి. ఆ సంగతి ఆయన వ్యాసం మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆ అడిగినవాళ్లకు కావలసింది ఒక కిటుకు. గోర్కీకి అది తెలుసు. ఎందుకంటే తనూ ఒకప్పుడు దాన్నే వెతికాడు. కుర్రతనంలో ఒక పండుగనాడు కొట్టం కప్పు మీద కూర్చుని ఫ్లాబేర్ కథ 'ఒక సరళ హృదయం' చదువుతూ, ఒక వంటకత్తె మామూలు జీవితం తననింతగా ఎందుకు కదిలించిందో అర్థం కాక, పంక్తుల మధ్య ఏదైనా గారడీ దాగుందేమోనని పేజీలను వెలుతురుకెత్తి చూశానని ఆ వ్యాసంలోనే రాసుకున్నాడు. బాల్జాక్ నవలలో ఒక విందు ఉంది. ఇరవైమంది దాకా ఒకేసారి మాట్లాడుతుంటారు. ఎవరెవరో రచయిత చెప్పకపోయినా ఒక్కొక్కరి గొంతూ తనకు విడిగా వినిపించిందంటాడు.

అడిగినవాళ్లను గోర్కీ ఎగతాళి చెయ్యలేదు, అడిగిన కిటుకూ ఇవ్వలేదు. ఒక దుకాణదారుణ్ణి చిత్రించాలంటే ఎంతమంది దుకాణదారులను గమనించాలో, వాళ్లందరిలోని వర్గ లక్షణాలూ అలవాట్లూ మాట తీరూ ఒక మనిషిలోకి ఎలా దిగుతాయో చెప్పాడు. భాష గురించి చెప్పాడు. తన బతుకూ, తన చదువూ చెప్పాడు. 'ఎలా రాయాలి' అన్న ప్రశ్న కింద 'నాలాంటివాడు రాయగలడా' అన్న ప్రశ్న ఉందని ఆయన పోల్చుకున్నాడు. పాఠకుల సహాయం తీసుకోవడమంటే నా దృష్టిలో ఇదే. 1930లో కొత్త రచయితల కోసం ఆయన ప్రత్యేకంగా ఒక పత్రికే పెట్టించడం ఈ పనికి కొనసాగింపు.

ఇప్పుడు మన చీటీలకు వద్దాం. ఎత్తుగడ గురించి అడిగినవాళ్లకు చెప్పగలిగింది తక్కువ. 1910లో 'దిద్దుబాటు' అర్ధరాత్రి దాటాక ఇంటి తలుపు దగ్గర మొదలైంది. అలా మొదలుపెట్టమని గురజాడకు ఏ పాఠమూ చెప్పలేదు. ముగింపు సంగతి ఇంకా చిత్రమైనది. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' ముగింపు మీద దశాబ్దాలపాటు వాదోపవాదాలు నడిచాయి. సీతారాముడు కన్నకొడుకును చంపడం సహజమా, ఆ చావు దేన్ని చెబుతుంది, రచయిత ఎక్కడ నిలబడి ఉన్నాడు అన్నవే ఆ వాదాలు. అది ముగించే నేర్పును గురించిన తగవు కానేకాదు, అప్పుకూ బానిసత్వానికీ మధ్య సంబంధాన్ని గురించిన తగవు. కాబట్టి 'ఎలా ముగించాలి' అన్నదాన్ని విడిగా ఒక అధ్యాయం చేస్తే విద్యార్థులకు పరీక్ష నోట్సు తయారవుతుంది తప్ప కథ తయారవదు. పైగా కథా నిర్మాణానికి సంబంధించిన మౌలిక విషయాలు కావాలంటే రామారావు గారి 'కథాకథనం' ఉంది, 1999లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం' ఉంది. వాటిని పలచన చేసి మళ్లీ అచ్చు వెయ్యడం మన పని కాదు. (ఏ పత్రికకు పంపాలన్న ప్రశ్నకు ఒక్క పోస్టుకార్డు చాలు.)

నన్ను ఆపిన చీటీ ఒకటుంది. రాసినామె పేరు అనవసరం. తల్లి మీద కథ రాసిందట. తల్లి మాటల్ని ఆమె మాట్లాడినట్టే పెట్టిందట. కానీ వాటి చుట్టూ ఉన్న వాక్యాలన్నీ బడిపుస్తకం భాషలో పడ్డాయట. చదువుకుంటే తన తల్లి ఎవరో పరాయి మనిషిలా కనిపిస్తోందని, ఏం చెయ్యాలో చెప్పమని అడిగింది. ఇలాంటిది ఆ పోగులో ఇదొక్కటే. లెక్క ప్రకారం ఓడిపోవలసిన ప్రశ్న.

కానీ ఇది ఆమె ఒక్కర్తి సమస్యా? గిడుగు రామమూర్తి గారు గ్రాంథికంతో చేసిన పోరాటం గెలిచింది. అయితే ఆ గెలుపు ఫలాలు అన్ని నోళ్లకూ సమానంగా అందలేదు. పత్రికల్లో స్థిరపడ్డ శిష్ట వ్యావహారికం కొన్ని జిల్లాల చదువుకున్న కుటుంబాల భాషకు దగ్గర. మిగిలినవాళ్ల భాషకు కథలో చోటు దొరికింది కానీ, ఉటంకింపు చిహ్నాల మధ్య దొరికింది. పాత్రలు ఊరి భాషలో మాట్లాడతాయి, కథకుడు పట్నం భాషలో వాళ్లను వర్ణిస్తాడు. దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' తెలంగాణ పల్లె మాటను నవలలోకి తెచ్చి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ బహుమతి పొందింది. అది చిన్న విషయం కాదు. రావిశాస్త్రి గారి 'మాయ' కథలో ముత్యాలమ్మ ప్లీడరుతో మాట్లాడుతుంటే న్యాయస్థానమే బోనెక్కుతుంది. అదీ చిన్న విషయం కాదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' రాసేసరికి ఇంకో అడుగు పడింది. చిత్తూరు జిల్లా పల్లె పిల్లవాడు మాట్లాడడమే కాదు, కథంతా వాడే చెబుతాడు. పక్కన నిలబడి వాణ్ణి వర్ణించే పెద్దమనిషి లేడు.

మాట తీరు మారితే చూపు మారుతుందా అని సందేహించే మిత్రులున్నారు. చిన్న ఉదాహరణ చూద్దాం. పొయ్యి ముందున్న తల్లి, "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అంటుంది. వెంటనే కథకుడు 'అని ప్రశ్నించింది' అని రాస్తాడు. ప్రశ్నించేది పోలీసు, పంతులు, ప్లీడరు. అమ్మ అడుగుతుంది. ఆ ఒక్క క్రియతో తల్లీ కూతుళ్ల మధ్యకు ఒక ఆఫీసు బల్ల వచ్చి పడింది. చీటీ రాసినామెకు తల్లి పరాయిదిగా కనిపించడం ఇక్కడే మొదలై ఉంటుందని నా అనుమానం.

రెండోవైపు ప్రమాదాన్నీ దాచకూడదు. వర్ణక్రమం మార్చి, నాలుగు దీర్ఘాలు తీసేసి, రెండు తిట్లు చేర్చి అదే జనభాష అనిపించే రచనలు మనకు తక్కువేం లేవు. అక్కడ భాష రంగుపూత. యాస ఊరిదే, చూపు మాత్రం ఊరిని చూసి నవ్వుకునేవాడిది. కాబట్టి పుస్తకం 'మాండలికంలో రాయండి' అని ఆదేశించరాదు. కథ చెబుతున్నది ఎవరు, ఎవరికి చెబుతున్నారు, ఆ చెప్పేవాడి వాక్యం పాత్ర కంటే ఎత్తున నిలబడిందా అన్నవి దాని విషయాలు కావాలి. కథకుడి భాషను శిష్టంగానే ఉంచి కూడా ఆ ఎత్తు దిగిన రచయితలున్నారు. 'యజ్ఞం' అందుకు సాక్ష్యం. అదెలా సాధ్యమైందో కూడా విప్పి చూపాలి.

విషయం ఎంచడంతో పాఠకుల సహాయం ముగిసిపోతే అది మొక్కుబడే. పెద్ద రచయితల పేజీలతో పాటు, రాస్తూ రాస్తూ ఆగిపోయినవాళ్ల పేజీలు కూడా ఈ పుస్తకంలో అచ్చు కావాలి. ఒకే పేజీకి ఇద్దరు ముగ్గురు రచయితలు వేర్వేరు సవరణలు సూచిస్తే, అవి ఒకదానితో ఒకటి పొసగకపోయినా పక్కపక్కనే వెయ్యాలి. మన సంఘంలోనే ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. ఉన్నట్టు నటించడం అనవసరం.

మొన్నటి సమావేశంలో దీనికి అందరూ ఒప్పుకోలేదు. ఎత్తుగడలూ ముగింపుల మీద పుస్తకమైతే త్వరగా చెల్లిపోతుందన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఈలోగా ఆ చీటీ రాసినామెకు ఉత్తరం వేశాం, కథలో మొదటి రెండు పేజీలు కొట్టివేతలతో సహా పంపమని.