ఒకే గదిలోని ఆట - దూరపు ఆట

వేసవి సెలవులలో తిరుపతిలోని ఒక ఇంట నలుగురు పిల్లలు చేరినారనుకొందము. ఇద్దరు ఆ ఇంటి అన్నదమ్ములు, ఒకడు చిత్తూరు నుండి వచ్చిన మేనత్త కొడుకు, నాలుగవవాడు పొరుగింటివాడు. టెలివిజనుకు తగిలించిన వీడియో ఆటల యంత్రము ఆ ఇంట ఉన్నది. దీనినే కన్సోలు అందురు. క్రొత్తగా కొన్న కాల్పుల ఆట కూడ ఒకటి ఉన్నది. నలుగురును ఉత్సాహముతో తెర ముందు కూర్చుండిరి. తీరా చూడగా ఆ ఆట ఒక్కనినే ఆడనిచ్చును! మిగిలిన ముగ్గురును అందులో చేరవలెనన్న మరి మూడు యంత్రములు, మూడు టెలివిజనులు, మూడు ఆట ప్రతులు కావలెను. ఎక్కడనో ఉన్న అపరిచితునితో ఆడవచ్చును గాని, ప్రక్కన కూర్చున్న మేనత్త కొడుకుతో ఆడుటకు వీలు లేదు. ఇది వింత గాదా?

ఇది కేవలము కల్పన గాదు. నేటి కాల్పుల ఆటలు పెక్కింటి స్థితి ఇట్లే యున్నది. ఇట్లేల జరిగినది, ఇందువలన ఆటగానికి కలిగిన లాభమెంత, నష్టమెంత అను విషయమును విచారింతము.

నాలుగు గడుల తెర

ఒకే యంత్రము, ఒకే టెలివిజను, ఒకే గది - ఇది మొదటి పద్ధతి. తెరను రెండుగనో నాలుగుగనో విభజించి, ఒక్కొక్క గడిని ఒక్కొక్క ఆటగానికి కేటాయింతురు. ఎవరి ఇంట వారుండి, ఎవరి యంత్రముపై వారు, ఇంటర్నెట్టు ద్వారా ఆడుట రెండవ పద్ధతి.

మొదటి పద్ధతికి పేరు తెచ్చిన ఆట ‘గోల్డెన్ ఐ 007’. ఇంగ్లండులోని రేర్ సంస్థ దీనిని తయారు చేయగా, 1997లో నింటెండో 64 యంత్రముపై వెలువడినది. ఆ యంత్రమునకు ముందువైపున నాలుగు పిడులను తగిలించు నాలుగు రంధ్రములుండెను. నలుగురు కలిసి ఆడు భాగము మొదటి ప్రణాళికలో ప్రధానమైనది కాదు. ఆట తయారీ చివరి దశలో చేర్చబడినది. అయినను ఆ ఆట నేటికిని జ్ఞాపకమున్నది ముఖ్యముగ ఆ భాగము వలననే.

2001లో మైక్రోసాఫ్టు వారి ఎక్స్‌బాక్స్ యంత్రముతోపాటు ‘హేలో’ వచ్చినది. దీనిలోను నలుగురు ఒకే తెరపై పోటీపడవచ్చును. నాలుగు యంత్రములను తీగతో కలిపినచో పదునారుగురు ఆడవచ్చును. మరుసటి ఏడు, 2002 నవంబరులో, ‘ఎక్స్‌బాక్స్ లైవ్’ అను ఇంటర్నెట్టు సేవ ఆరంభమైనది. 2004లో వచ్చిన ‘హేలో 2’ ఆ సేవకు విశేష ప్రచారమును తెచ్చిపెట్టినది. అయినను తెరను పంచుకొను వీలు అందులో నిలిచియే యుండెను. రెండు పద్ధతులు ఒకే ఆటలో ఇమడగలవనుటకు ఇది చక్కని దృష్టాంతము.

తరువాత మార్పు వచ్చినది. 2015 అక్టోబరులో వెలువడిన ‘హేలో 5’ నుండి తెరను పంచుకొను ఏర్పాటును పూర్తిగ తొలగించిరి. ఆటగాండ్రు గట్టిగ నిరసించిరి. ఇకముందు వచ్చు ఇట్టి హేలో ఆటలలో ఆ ఏర్పాటు తప్పక యుండునని 2017లో నిర్మాతలు వాగ్దానము చేసిరి. 2021లో వచ్చిన ‘హేలో ఇన్ఫినిట్’ పోటీ ఆటలలో ఆ వాగ్దానమును నిలుపుకొన్నారు. కథాభాగమును ఒకే తెరపై కలిసి ఆడు ఏర్పాటును మాత్రము విరమించుకొన్నట్లు 2022 సెప్టెంబరులో ప్రకటించిరి.

నిర్మాతల వాదము

నిర్మాతల ప్రక్క న్యాయము లేకపోలేదు. తెరపై కనబడునది సినిమావలె ముందుగ తీసి యుంచిన బొమ్మ కాదు. ఆటగాడు తల త్రిప్పిన ప్రతిసారియు యంత్రము దృశ్యమును క్రొత్తగా లెక్కకట్టి గీయవలెను. సెకనుకు 60 బొమ్మలు గీయవలెనన్నచో ఒక్కొక్క బొమ్మకు దొరకు కాలము 1000ని 60చే భాగింపగా వచ్చిన 16.7 మిల్లీసెకనులు మాత్రమే. నలుగురు ఆడునప్పుడు ఆ కాలములోనే నాలుగు వేర్వేరు చూపులను గీయవలెను. తెర మొత్తము మీది చుక్కల సంఖ్య పెరుగదు. కాని కొండ, గోడ, మనిషి - వీనిలో ఎవరి కంటికి ఏది, ఏ వైపు నుండి కనబడునో నాలుగుసార్లు లెక్కింపవలెను. హేలో 5 నిర్మాతలు సెకనుకు 60 బొమ్మల నునుపును కోరి, దానికొరకు తెరను పంచుకొను ఏర్పాటును త్యజించిరి.

కాని ఇచట ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఆటగాడు కోరునది నునుపా, తోడా? 1997 నాటి ఆటలో నలుగురు ఆడునప్పుడు బొమ్మలు ఎంతో మందగించెడివి. అయినను పిల్లలు మానలేదు. బొమ్మ కొంచెము మొరటుగ ఉన్నను సరే, నలుగురము ఆడుదుము అను వారికి ఆ స్వేచ్ఛ నిచ్చుటలో తప్పేమి? రెండింటిలో ఒకదానిని ఎంచుకొను అధికారము ఆటగానికి ఉండదగినది. దానిని నిర్మాతయే తీసికొనుట మెచ్చదగినది కాదు.

ఆలస్యము సంగతి

ఇక భౌతికశాస్త్రమునకు వత్తము. తిరుపతి, చిత్తూరుల మధ్యనున్న గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారి రాడారు కలదు. దాని తరంగము ఆకాశమున 15 కిలోమీటర్లు పోయి తిరిగివచ్చుటకు పట్టు కాలము సెకనులో పదివేలవ వంతు. కాంతివేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గదా! అట్లయినచో ఇంటర్నెట్టులో ఆలస్యమెక్కడిది?

ఇంటర్నెట్టు వార్తలు పెక్కుదూరము గాజు తంతులలో కాంతి రూపమున పయనించును. 2017 డిసెంబరులో మన రాష్ట్రమున ప్రారంభమైన ఏ.పి. ఫైబర్‌నెట్ వారు విద్యుత్ స్తంభముల మీదుగ లాగినది ఇట్టి తంతులనే. గాజులో కాంతివేగము సుమారు మూడింట రెండు వంతులకు తగ్గును. అనగా సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు. తిరుపతి నుండి ముంబాయి సరళరేఖలో సుమారు 900 కిలోమీటర్లు. అచటి సర్వరుకు పోయి వచ్చుటకు కనీసము 9 మిల్లీసెకనులు కావలెను. సింగపూరు సుమారు 3,000 కిలోమీటర్లు. అప్పుడు 30 మిల్లీసెకనులు. అమెరికాలోని కాలిఫోర్నియా సుమారు 14,000 కిలోమీటర్లు, 140 మిల్లీసెకనులు. తంతులు సరళరేఖలో పోవు. నడుమ నడుమ యంత్రములు వార్తను అందుకొని మరల పంపవలెను. కావున నిజమైన ఆలస్యము ఇంతకంటె ఎక్కువయే. యంత్రము లెంత బాగుపడినను ఈ కనీసపు మొత్తమును తగ్గించుట అసాధ్యము.

వెలుగును చూచి బొత్తాము నొక్కుటకు మనిషికి సెకనులో నాలుగవ లేక అయిదవ వంతు పట్టును; అనగా 200 నుండి 250 మిల్లీసెకనులు. దీనితో పోల్చినచో 140 చిన్న సంఖ్య గాదు. మెరుపును చూచిన తరువాత ఎప్పటికో ఉరుము వినబడునట్లు, దూరపు ఆటలో మనకు కనబడు శత్రువు ఇప్పటివాడు కాడు, కొంత సేపటి క్రిందటివాడు.

ఈ చిక్కును విప్పుటకు ఇంజనీర్లు మంచి ఉపాయమును కనుగొన్నారు. క్రికెట్టులో మూడవ అంపైరు జరిగిన దానిని మరల త్రిప్పి చూచి తీర్పు చెప్పును గదా! అట్లే పెక్కు ఆటలలో సర్వరు కాలమును కొంచెము వెనుకకు త్రిప్పి, కాల్చినవాడు ఆ క్షణమున ఏమి చూచెనో పరిశీలించి తీర్పునిచ్చును. కాల్చినవానికి ఇది న్యాయమే. కాని రెండవవాడు అప్పటికే గోడ చాటునకు చేరియుండును. చాటున నున్న తాను ఎట్లు దెబ్బతింటినో వానికి బోధపడదు. కొన్ని ఆటలలో ఆటగాండ్రలో ఒకని యంత్రమే సర్వరుగ పనిచేయును. ‘హేలో 2’ ఇట్టిదే. అప్పుడు ఆ యంత్రము గలవానికి ఆలస్యమే లేదు, తక్కినవారి కందరికిని కలదు.

ఒకే గదిలోని ఆటలో ఆలస్యము బొత్తిగా లేదా అన్నచో, అచటను కలదు. బొత్తాము నొక్కినది మొదలు తెరపై ఫలితము కనబడువరకు కొన్ని పదుల మిల్లీసెకనులు గడచును. అయితే ఆ ఆలస్యము నలుగురికిని సమానము. పందెమున న్యాయమునకు కావలసినది ఆలస్యము లేకుండుట కాదు, అందరికిని ఒకే ఆలస్యము ఉండుట. ఒకే గదిలోని ఆటకు గల మొదటి గొప్పతనమిదే.

దూరపు ఆటకు గల గుణములు

దూరపు ఆటను నిందించుటయే మన ఉద్దేశము కాదు. తెరను పంచుకొనుటలో ఒక పెద్ద లోపము కలదు. పేకాటలో ప్రక్కవాని ముక్కలు తొంగిచూచినట్లు, ఎదుటివాని గడిలోనికి చూచి వాడెక్కడ దాగెనో కనిపెట్టవచ్చును. 2014లో వచ్చిన ‘స్క్రీన్‌చీట్’ అను ఆట ఈ దొంగచూపునే నియమముగ చేసికొన్నది. అందులో ఆటగాండ్రెవరును కంటికి కనబడరు. ఎదుటివాని గడిని చూచియే వాని చోటు నూహింపవలెను. దూరపు ఆటలో ఎవరి తెర వారిది గనుక ఈ బాధ లేదు. పైగా ఊరిలో తోడు దొరకని పిల్లవానికి సమానమైన ప్రతిద్వంద్వి దొరకును. అన్న కాలిఫోర్నియాలో, తమ్ముడు తిరుపతిలో ఉన్న కుటుంబములు నేడు మనలో ఎన్నో కలవు. వారికి ఒకే గది అనుమాటయే లేదు. 140 మిల్లీసెకనుల ఆలస్యముతో నైనను కలిసి ఆడుట, అసలు ఆడకుండుట కంటె మేలే.

2023 జనవరిలో ‘గోల్డెన్ ఐ’ ఒకే రోజున రెండు యంత్రములపై మరల వెలువడినది. నింటెండో స్విచ్‌పై దూరముగ నున్నవారితో ఆడు వీలుండెను; ఎక్స్‌బాక్స్‌పై ఒకే గదిలో మాత్రమే ఆడవలెను. స్విచ్ మీద దూరమున ఆడువారికిని ఆ పాత నాలుగు గడుల తెరయే కనబడును. ఆ ఆట రుచి గడుల తెర నుండి విడదీయరానిదని దీనివలన తెలియుచున్నది.

సర్వరు ఆగిన నాడు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. దూరపు ఆట మన ఇంట నున్నను, దాని ప్రాణము వేరొకచోట నున్నది. పాత ఎక్స్‌బాక్స్ ఆటలకు ఇంటర్నెట్టు సేవ 2010 ఏప్రిల్ 15న నిలిచిపోయినది. ‘హేలో 2’ ఆటగాండ్రు కొందరు తమ యంత్రములను ఆపక, మరి కొన్ని వారములు పట్టువిడువక అందులోనే యుండిరి. చివరకు వారును తొలగిపోయిరి. కాని అదే ఆటను నేడును ఒక పాత యంత్రముపై నలుగురు కూర్చుండి ఆడవచ్చును.

‘స్ప్లటూన్’ చరిత్ర మరింత బోధకరము. 2015లో నింటెండో వారి వీ యూ యంత్రముపై వచ్చిన ఈ ఆటలో రక్తము లేదు. రంగు సిరా చిమ్మి నేలను ఆక్రమింపవలెను. నలుగురికి నలుగురుగ ఆడు ప్రధానమైన పోటీకి ఇంటర్నెట్టు తప్పనిసరి. 2024 ఏప్రిల్‌లో ఆ యంత్రపు సేవ మూతపడగా ఆ పోటీయు మూతపడినది. మిగిలినవి ఒంటరిగ ఆడు కథాభాగము, ఇద్దరు ఒకే గదిలో బుడగలు పగులగొట్టు చిన్న పోటీ. అందులో ఒకరు టెలివిజనును, ఒకరు చేతిలోని తెరను చూతురు గనుక దొంగచూపునకు తావు లేదు. నిర్మాతలు మూలకు నెట్టిన చిన్న ఆటయే చివరకు మిగిలినది!

2024 ఆగష్టు 23న ప్లేస్టేషన్ 5పై విడుదలయిన ‘కాంకర్డ్’ సెప్టెంబరు 6నాటికే నిలిపివేయబడినది. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చిరి. కాని ఆట అనునది రెండు వారములకే లేకుండ పోయినది. కన్సోలు లేనివారికిని ఈ అనుభవము క్రొత్తది కాదు. చేతి ఫోనులో మన యువకులు విరివిగ ఆడిన ‘పబ్జీ మొబైల్’ను 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము నిషేధించినది; అక్టోబరు 30న దాని సర్వర్లు మన దేశమునకు ఆగిపోయినవి. నిషేధము మంచిదా చెడ్డదా అనునది వేరు చర్చ. తాళము చెవి ఆటగాని చేతిలో లేదనునది మాత్రము స్పష్టము.

మన ప్రాచీన దేవాలయముల రాతి అరుగులపై పులిజూదపు గీతలు పెక్కుచోట్ల చెక్కబడి యున్నవి. మూడు పులులు, పదునైదు మేకలు. గీసినవారెవరో తెలియదు. అయినను నేడు ఇద్దరు కూర్చుండి, గులకరాళ్ళు ఏరుకొన్నచో ఆట ఆరంభమగును. ఎవరి అనుమతియు అక్కరలేదు.

కావున ఆటల నిర్మాతలను కోరవలసినది ఇది: దూరపు ఆటను పెంచుడు, కాని దానికొరకు గదిలోని ఆటను తీసివేయకుడు. కొనువారు పెట్టె మీద చూడవలసినది బొమ్మల అందము కాదు, “ఒకే యంత్రముపై ఎందరు ఆడవచ్చును?” అను సంఖ్య. ఉపాధ్యాయులు గాజులో కాంతివేగమును బోధించునపుడు, తమ ఊరి నుండి ముంబాయికి, సింగపూరుకు పట్టు కాలమును విద్యార్థులచే లెక్క వేయింపవచ్చును. లెక్క ముగిసిన పిమ్మట, ప్రక్క బల్లపై కూర్చున్న స్నేహితునికి ఎంత పట్టునని అడుగుడు. ఆ జవాబు వారికి బాగుగ జ్ఞాపకముండును.