నాచు, పాచి, పీట్: ఒక పదవిమర్శ

ఆంగ్లమున ‘పీట్ మాస్’ అను మాట రెండు వస్తువులకు చెల్లుచున్నది. చలిదేశముల చిత్తడినేలలలో పెరుగు స్ఫాగ్నమ్ అను మొక్క యొకటి. ఆ మొక్క చచ్చి, నీట మునిగి, గాలి తగులక, పూర్తిగా కుళ్లక, వేలయేండ్లు పేరుకొనగా త్రవ్వి తోటపనికి అమ్ము గోధుమరంగు పదార్థము రెండవది. ఈ రెండింటిని ‘పాచి’ యను ఒక్క మాటతో తెనిగించుట తగునా యనునది విచార్యము.

తెలుగున నాచు చెరువులోనిది. పాచి బావిమెట్లకు, తడిగోడలకు పట్టునది. అమరకోశము శైవాలమునకు ‘జలనీలి’ యని పర్యాయము చెప్పినది. నేటి శాస్త్రగ్రంథములు ఆల్గేను శైవలములనుచున్నవి. స్ఫాగ్నమ్ ఆల్గే కాదు; కాండమును ఆకులును గల మొక్క. దాని ఆకులలోని నిర్జీవకణములు బోలుగా నుండి, ఎండిన మొక్క బరువునకు అనేక రెట్లు నీటిని పట్టియుంచును. అందుచేతనే 1914–18 నాటి యుద్ధమున దానిని గాయములపై దూదికి బదులుగా వాడిరి. ‘గాయమునకు పాచి కట్టిరి’ అని వ్రాసినచో తెలుగు పాఠకుడు రోయును. పాచినోరు, పాచిపని యను మాటలు అతని మనసున ముందే యున్నవి.

తమిళనాట పెరిగిన తెలుగు బాలుని సంగతి వేరు. తమిళమున ‘పాసి’ మన పాచికి తోబుట్టువు; రెండును పచ్చదనమును తెలుపు ధాతువునుండి వచ్చినవే. పెసలను తమిళులు ‘పాసిప్పయఱు’ అందురు. అచట ఆ మాటకు పచ్చదన మింకను వాడలేదు. కావున ఆ బాలుడు మాస్‌ను పాచి యన్నచో తప్పని కొట్టివేయరాదు. తెలుగున ఆ మాటకు పట్టిన మాలిన్యమును తెలియజెప్పిన చాలును.

పీట్ అంతయు నాచునుండి పుట్టినది కాదు. తుంగలు, రెల్లు మొదలగు వానినుండియు ఏర్పడును. నీలగిరులలోను పీట్ కలదు. 1993లో వెలువడిన పరిశోధన యొకటి దానినుండి సుమారు 20,000 ఏండ్ల శీతోష్ణస్థితి చరిత్రను చదివినది. ఇక దుకాణములలోని ‘కోకోపీట్’ కొబ్బరిపీచు తీయగా మిగిలిన పొట్టు మాత్రమే. అందు పీట్ లేదు, నాచును లేదు.

కావున సజీవమైన మొక్కను ‘స్ఫాగ్నమ్ నాచు’ అనియు, త్రవ్వితీసిన పదార్థమును ‘నాచుమన్ను’ అనియు, తక్కినదానిని ‘పీట్’ అనియు వ్యవహరించుట మేలు. వస్తువులు రెండైనపుడు మాటలును రెండు కావలెను. ఆ భేదము పాఠ్యపుస్తకమున చెరిగినచో విద్యార్థి మనసునను చెరిగిపోవును.