మిలాన్ రాత్రుల టెనర్ పనిమంతుడు

జాన్ని బాసో (1931–2009) ఇటలీ ఉత్తరాన ఆస్టి పట్టణంలో పుట్టాడు. మొదట పట్టింది క్లారినెట్. తర్వాత టెనర్ సాక్సఫోన్‌కి మారాడు, పేరు తెచ్చింది అదే.

సాక్సఫోన్ ఒళ్లంతా ఇత్తడే అయినా, పలికేది మాత్రం మౌత్‌పీస్‌కి బిగించిన పలుచటి రెల్లు రీడ్. దాన్ని నోట్లో తడిపి, అంచు కుదిరేలా బిగించుకోవాలి. కింది పెదవి ఒత్తిడి రవ్వంత మారినా స్వరం జారుతుంది. బాసో ఊదుతుంటే ఆ తంటా ఏదీ వినబడదు. గుండ్రని, వెచ్చని నాదం. తొందర లేని నడక. అమెరికా టెనర్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్ ప్రభావమా? వినగానే తెలుస్తుంది.

1950ల్లో మిలాన్‌లో ట్రంపెట్ వాద్యకారుడు ఆస్కార్ వాల్డాంబ్రినితో జట్టుకట్టాడు. టవెర్నా మెక్సికో క్లబ్బు వాళ్ల అడ్డా. ఇద్దరి పేర్లతో నడిచిన క్వింటెట్ ఇటలీ మోడరన్ జాజ్‌కి చిరునామా అయింది. 1959లో అమెరికా ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ మిలాన్‌లో రికార్డు చేసినప్పుడు టెనర్ వాయించింది బాసోనే. అంత స్టార్ పక్కన బెదరడు, అరవడు. తన వంతు రాగానే చెప్పాల్సింది చెప్పి పక్కకు తప్పుకుంటాడు. ఆ తప్పుకోవడంలోనే ఉంది పనితనం.

జాజ్ ఒక్కటే ఇల్లు గడపదు కదా! స్టూడియోల్లో, ఆర్కెస్ట్రాల్లో నొటేషన్ చూసి వాయించే పనీ చేశాడు. అలాంటి రికార్డుల అట్టల మీద పెద్దక్షరాలు గాయకులవే.