తోక ఈదే తీరు

కాకినాడకి దగ్గరలో ఉన్న మాధవపట్నంలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బొమ్మని తెర వెనక నుంచి చూస్తే ముందుగా కనిపించేది నిలువునా చీల్చిన వెదురు బద్ద. తల నుంచి నడుము దాకా తోలుని ఆ చీలిక మధ్యన పట్టించి దారంతో కట్టేస్తారు. బొమ్మకి అదే వెన్నెముక, ఆడించేవాడికి అదే పిడి. చేతులు కదపడానికి వేరే పుల్లలుంటాయి. చాలా బొమ్మల్లో కాళ్ళకి మాత్రం పుల్ల ఉండదు. తొడ దగ్గర ఒక ముడి, మోకాలి దగ్గర ఒక ముడి, అంతే.

ఆ ముడిలోనే నేర్పంతా ఉంది. వెదురు బద్దని ముందుకి జరిపితే మొండెం వెంటనే కదులుతుంది. తొడ కాస్త ఆగి కదులుతుంది, మోకాలి కింది భాగం ఇంకా ఆగి కదులుతుంది. బొమ్మ నిలిచిపోయాక కూడా పాదాలు ఒక ఊపు ఊగి అప్పుడు సర్దుకుంటాయి. ముడి బిగిస్తే కాలు కర్రలా నిలబడిపోతుంది. మరీ వదిలేస్తే బొమ్మకి ప్రాణం లేనట్టు వేలాడుతుంది. మేకతోలు బరువుకి సరిపడేంత వదులు ఉంచాలి. అంగాలన్నీ ఒకేసారి కదిలితే అది వస్తువు. ఒకదాని వెనక ఒకటి కదిలితే అది ప్రాణి. యానిమేషన్‌లో మత్స్యకన్యని ఈదించేది సరిగ్గా ఈ ఆలస్యమే.

1989లో డిస్నీ స్టూడియో తీసిన ‘ది లిటిల్ మెర్మెయిడ్’లో ఏరియల్ అనే పిల్లకి ఎర్ర జుట్టు, ఆకుపచ్చ తోక. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్. ఏరియల్ బొమ్మల బాధ్యత గ్లెన్ కీన్, మార్క్ హెన్ అనే ఇద్దరు చిత్రకారులది. తోక ఎటు కదలాలన్నది వాళ్ళు తేల్చుకోవలసిన మొదటి సంగతి. పులస గోదావరికి ఎదురీదేటప్పుడు తోకని కుడికీ ఎడమకీ కొడుతుంది, ఎందుకంటే చేప వెన్ను పక్కలకి వంగుతుంది, తోకరెక్క నిలువుగా ఉంటుంది. సముద్రంలో డాల్ఫిన్ అలా కాదు. అది పిల్లలకి పాలిచ్చే జంతువు, దాని తోకరెక్క అడ్డంగా పరుచుకుని ఉంటుంది, వెన్ను పైకీ కిందికీ ఊగుతుంది. మత్స్యకన్య నడుము పైన మనిషే కదా, మన వెన్ను బాగా వంగేది ముందుకీ వెనక్కీనే. అందుకని ఏరియల్‌కి పొలుసులు చేపవి, ఈత డాల్ఫిన్‌ది. చూసే పిల్లకి ఈ లెక్క తెలియదు. ఆ ఒంట్లో ఎక్కడా అతుకు కనిపించదు, అంతే.

ఇక ఆ ఊపుని కాగితం మీద పెట్టాలి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. నెమ్మది కదలికకి ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు కావాలి. ముఖ్య చిత్రకారుడు కీలకమైన భంగిమలు గీస్తాడు, సహాయకులు మధ్య బొమ్మలు పూరిస్తారు. ఊపు ఛాతీ దగ్గర పుడుతుంది. అక్కడి నుంచి నడుముకి, నడుము నుంచి మోకాళ్ళు ఉండవలసిన చోటికి, చివరికి రెక్కకి పాకుతుంది. తోక కిందికి దిగుతున్నప్పుడు రెక్క కొస ఇంకా పైకే తిరిగి ఉంటుంది. తోక అడుగు దాకా వెళ్ళి వెనక్కి మళ్ళేసరికి కొస అప్పుడు కిందికి చేరుతుంది. తడి పంచె దులిపినప్పుడు విసురు చేతి దగ్గర పుట్టి అంచు దగ్గర ఎలా తీరుతుందో అలాగ. వరసలో ఒక్క బొమ్మలో కొస తొందరపడినా తోక అట్టముక్క అయిపోతుంది.

జుట్టుది ఇంకో బాధ. నీళ్ళలో జుట్టు కిందికి వేలాడదు, తేలుతుంది. తల తిరిగాక తిరుగుతుంది, తల ఆగాక కూడా పాయలు విడివిడిగా సాగి మెల్లిగా చేరుకుంటాయి. ఇందుకోసం షెర్రీ స్టోనర్ అనే నటిని నీటి తొట్టిలో దింపి చిత్రీకరించి ఆ కదలికలు చూసుకున్నారు. వ్యోమగామి శాలీ రైడ్ అంతరిక్షంలో ఉన్నప్పటి ఫిల్ములో ఆమె జుట్టు బరువు లేకుండా తేలే తీరు కూడా గమనించారు. మన నరసాపురంలో పుట్టిన బాపు బొమ్మల్లో ఆడపిల్ల జడ ఒక్క వంపుతోనే ఆమె ఎటు నుంచి ఎటు తిరిగిందో చెప్పేస్తుంది. ఆయనది నిలిచిన బొమ్మ కాబట్టి ఆ ఒక్క వంపు చాలు. ఇక్కడ అలాంటి వంపులు వేలల్లో, ముందరి దానికీ తరవాతి దానికీ పొత్తు కుదిరేలా గీయాలి.

రంగు దగ్గర మాధవపట్నం పనీ డిస్నీ పనీ మళ్ళీ దగ్గరవుతాయి. తోలుని వెలుగు దూరేంత పలచగా గీకి, రెండు వైపులా రంగు వేస్తారు. నగలు ఉండవలసిన చోట ఉలితో చిల్లులు కొడతారు. దీపం వెలగగానే ఆ చిల్లులే రాళ్ళై మెరుస్తాయి. అప్పట్లో డిస్నీ వాళ్ళది పారదర్శకమైన రేకు. గీత ముందు వైపు, రంగు వెనక వైపు, అందుకే రంగు గీత మీదికి పాకదు. ఆ రేకుని వెనక దృశ్యం మీద పరిచి ఫోటో తీసేవారు. డిస్నీలో ఇలా చేత్తో రేకులకి రంగులేసి తీసిన ఆఖరి పెద్ద సినిమా ఇదే. చివరి ఘట్టంలో కొంత భాగానికి కంప్యూటర్ రంగులు అప్పుడే వచ్చాయి. నీలి నీళ్ళ మీద ఎర్ర జుట్టు ఎంత దూరం నుంచైనా కంటికి ఆనుతుంది. పిల్ల ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు.

ఇలాంటి సినిమాలు ఆడపిల్లలకి మంచి చెబుతాయని అంటారు. ఆ మంచి మాటల్లో కన్నా కదలికలో బలంగా ఉంటుందని నా నమ్మకం. ఏరియల్ రాకుమారుడి కోసం గొంతు వదులుకుంటుంది. ఈ కథ పిల్లలకి చూపించాలా అని జంకే తల్లిదండ్రుల బాధ నాకు అర్థమవుతుంది, ఆ బేరం నాకూ నచ్చదు. కానీ గొంతు పోయిన తరవాత చిత్రకారులు చేసిన పని చూడండి. మాట లేదు కాబట్టి ప్రతి ఆలోచనా కనుబొమల్లో, భుజాల్లో, వేళ్ళ చివర్లలో కనిపించాలి. వింత వస్తువు కనిపిస్తే ముందు కళ్ళు అటు తిరుగుతాయి, తరవాత తల, ఆ వెనక ఒళ్ళంతా. అక్కడున్నది రాకుమారుడి కోసం బెంగపెట్టుకున్న పిల్ల కాదు, లోకమంతా తెలుసుకోవాలని ఆరాటపడే పిల్ల. కథ తడబడిన చోట గీత నిలబెట్టింది.

2010లో వచ్చిన ‘బార్బీ ఇన్ ఎ మెర్మెయిడ్ టేల్’ పూర్తిగా కంప్యూటర్ పని. నీళ్ళలో అంత జీవం లేదు, జుట్టు బిగుసుకున్నట్టుంటుంది. అయినా ఒక ఊహ తెలివైనది. అలల మీద పలక తొక్కే మెర్లియా తాను సగం మత్స్యకన్యనని తెలుసుకుంటుంది. ఆమెకి మొదట దొరికేది పెట్టుడు తోక. సొంత తోక, తన పుట్టుకని తాను ఒప్పుకున్నాకే వస్తుంది. చెప్పదలచుకున్న నీతిని వస్తువుగా మార్చి ఒంటికి తొడిగారు.

నా మటుకు నాకు వీటన్నిటిలోకీ గొప్పది హయావో మియజాకి 2008లో జపాన్‌లో తీసిన ‘పోన్యో’. చేత్తో గీసిన బొమ్మలు సుమారు 1,70,000. మనిషి ముఖం ఉన్న చిన్న ఎర్ర చేపపిల్ల పోన్యో అయిదేళ్ళ సోస్కె దగ్గరికి తిరిగి రావాలనుకుంటుంది. తుపాను రాత్రి సోస్కె వాళ్ళమ్మ కారు కొండదారిలో పోతుంటే పోన్యో అలల మీద పరిగెత్తుకుంటూ వస్తుంది. ఒక్కో అలా ఒక్కో పెద్ద చేప. వీపు లేస్తుంది, కన్ను కనిపిస్తుంది, మళ్ళీ నీరై కూలిపోతుంది. ఆ వీపుల మీద పోన్యో అడుగు పడిన చోట నీరు కొంచెం కుంగుతుంది, ఆమె ఎగిరాక మళ్ళీ లేస్తుంది. పసిదాని అడుగు బరువుని కడలికి అంటించారు. తుపాను అంటే ఏమిటో ఉప్పాడ, అంతర్వేది పిల్లలకి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తుపాను మీదే, భయమన్నది లేకుండా, నవ్వుతూ పరిగెత్తే పసిపిల్లని వాళ్ళు తప్పకుండా చూడాలి.

తెలుగు మాటలతో వచ్చిన వాటిలో ఈ నీటి పనికి సాటి వచ్చేది 2019 నాటి ‘ఫ్రోజెన్ 2’. అందులో కథానాయిక ఎల్సా మత్స్యకన్య కాదు గాని, చీకటి సముద్రాన్ని ఒంటరిగా దాటుతుంది. తెలుగులో ఆమెకి నిత్యా మీనన్ గొంతు ఇచ్చింది, చిన్ననాటి ఎల్సాకి మహేష్ బాబు కూతురు సితార. ఇలా తెలుగు మాటలు పెట్టే పనిలో ఉన్న చిక్కు పెదవులది. ఇంగ్లీషు మాట తరచు హల్లుతో ముగుస్తుంది. మన మాట ఎక్కువగా అచ్చుతో, తెరిచిన నోటితో ముగుస్తుంది. అందుకని రాసేవాళ్ళు వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి, తెర మీద పెదవులు కలిసే చోట ప, బ, మ పడేలా చూసుకోవాలి. సముద్రం మీద ఆ తంటా తక్కువ. ఎల్సా అక్కడ పెద్దగా మాట్లాడదు. అల విసిరేస్తే లేస్తుంది, పాదం కింద మంచు పలక పుట్టిస్తుంది, అది పగిలితే ఇంకొకటి పుట్టిస్తుంది, చివరికి నీటితోనే ఉన్న గుర్రానికి మంచు కళ్ళెం వేసి ఎక్కుతుంది.