మామ్మ దండం పెట్టింది ఎవరికి?

నా చిన్నప్పుడు పాచిపెంటకి పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. నాలుగైదు రోజులు ఊళ్లోనే ఉండి, రోజుకో వేషం కట్టి, ఆఖరి రోజున బియ్యం, డబ్బులు అడిగేవాళ్లు. ఓసారి ముందురోజు పఠాను వేషంలో అప్పు తీర్చమంటూ మా వీధినంతా నవ్వించిన మనిషే, మర్నాడు జంగందేవరై వచ్చాడు. నుదుటి నిండా విభూతి, చేతిలో గంట, భుజాన జోలె. మా మామ్మ చెంగు సర్దుకుని దండం పెట్టేసింది.

"మామ్మా, ఆడు నిన్నటి పఠానే!" అన్నాను.

"నాకు తెల్దేటిరా? ఇయ్యాల జంగందేవర కదా," అంది.

తెలుగు సినిమాలో పాతకాలపు సాధువు కనబడినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది. మన భక్తి సినిమాల్లో చాలావాటిలో కాషాయం ఒకటే: నలగని, మాయని, సెట్ లైట్ల కింద నిగనిగలాడే కాషాయం. కావిమన్నుతో అద్దకం వేసిన గుడ్డ అలా ఉండదు. ఓచోట ముదురుగా, ఓచోట లేతగా ఉంటుంది, ఉతికినకొద్దీ వెలుస్తుంది. అద్వైత సన్యాసి చేతిలో ఒకే దండం, శ్రీవైష్ణవ సన్యాసి చేతిలో మూడు కర్రలు కలిపి కట్టిన త్రిదండం. శ్రీవైష్ణవ సన్యాసి పిలక, జంధ్యం కూడా ఉంచుకుంటాడు. ఇవి అలంకారాలు కావు, సిద్ధాంతాలు. ఒక కర్రా మూడు కర్రలా అన్నదాని వెనక శతాబ్దాల వాదం ఉంది.

యూరప్‌లో మధ్యయుగాన్ని వేషం కట్టి మళ్లీ ఆడేవాళ్లు ఈ విషయంలో మనకంటే పట్టుదల మనుషులు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి నడుముకి కట్టే తాడుకి మూడు ముడులుంటాయి: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. ఇంగ్లండ్‌లో వాళ్లని బూడిదరంగు సోదరులనేవాళ్లు కాబట్టి, ఇప్పుడు కనిపించే గోధుమరంగు బట్ట సరికాదని వాదిస్తారు. ఆ శ్రద్ధ నాకు నచ్చుతుంది. కానీ ముడులు సరిగ్గా వేస్తే సరిపోతుందా? పేదరికానికి గుర్తయిన ముడి, వారాంతపు సరదాకి నడుముకి చుట్టుకున్నప్పుడు దేనికి గుర్తు?

మన మధ్యయుగం దీన్ని మనకంటే గట్టిగా ఆలోచించింది. 12వ శతాబ్దపు తమిళ పెరియపురాణంలో మెయ్‌ప్పొరుళ్ నాయనారు కథ ఉంది. శత్రువు శివభక్తుడి వేషంలో వచ్చి పొడిస్తే, ఆ రాజు చనిపోతూ కూడా హంతకుణ్ణి క్షేమంగా ఊరు దాటించమంటాడు. వేషం దొంగదే, అయినా విభూతి విభూతే. మన పాల్కురికి సోమన బసవపురాణంలోనైతే లింగాలకి బదులు వంకాయలు కట్టుకొచ్చినవాళ్ల కథ ఉంది. బసవన్న ముందు ఆ వంకాయలు లింగాలైపోతాయి. మా మామ్మ ఈ పుస్తకాలేవీ చదవలేదు, కానీ ఆ మాట ఈ దారిలోదే.

దీనికి ఎదురుదారి వేమనది. గుండు, కావిగుడ్డ, బూడిద చూసి మోసపోవద్దని అన్నేసి పద్యాలు చెప్పినాయన్ని కూడా మనం చివరికి వేషంలోకి దింపాం. అయినా 1947లో కె.వి. రెడ్డి తీసిన 'యోగి వేమన' దగ్గర నాకు పేచీ లేదు. నాగయ్య అందులో మొదట భోగి. ఆ మనిషి విరగడం చూశాకే మనకి యోగి కనబడతాడు. బట్ట ముందొచ్చి మనిషి తర్వాత రాలేదు.

1984లో వచ్చిన 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' దగ్గరే ఇబ్బంది. రామారావు దర్శకుడు, కథానాయకుడు, పైగా ముఖ్యమంత్రి. ఆ కాషాయం సెట్‌లో ఆగలేదు, ప్రజాజీవితంలోకీ నడిచొచ్చింది. ఆ నటన గొప్పదా కాదా అన్నది వేరే చర్చ. థియేటర్లో జోడించిన చేతులు బ్రహ్మంగారికా, నటుడికా, అధికారానికా? పగటివేషగాడికి ఈ చిక్కు లేదు. సాయంత్రానికి వేషం విప్పేస్తాడు, ఆఖరి రోజు జోలె పట్టుకుని మన గుమ్మం ముందు తలవంచుతాడు. ఆ తలవంచడమే వేషానికి అతను కట్టే అద్దె అనిపిస్తుంది నాకు.

ఇదంతా సినిమాల మీద కోపంతో రాయట్లేదు. ఒక ఆఫీసులో సాంప్రదాయ దినోత్సవానికి నేనూ అద్దె దుకాణంలో కాషాయం, రుద్రాక్షలు తెచ్చి వేసుకున్నాను. లిఫ్ట్ దగ్గర ఫ్లోర్ తుడుస్తున్న పెద్దావిడ నన్ను చూసి కర్ర పక్కన పెట్టి దండం పెట్టింది. నేను నవ్వేసి లిఫ్ట్ ఎక్కేశాను. పైన అందరం ఫొటోలు దిగాం. ఆ ఫొటోలో నేను నవ్వుతూనే ఉన్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో బేడ బుడగ జంగాలు తామెవరో చెప్పే ఎస్సీ ధ్రువపత్రం కోసం ఏళ్లుగా పోరాడుతున్నారు. తంబుర మీటి కథలు చెప్పి బతికినవాళ్లు వాళ్లు. వేదిక మీద జంగం వేషానికి చప్పట్లొస్తాయి, ఆఫీసు మెట్ల మీద జంగం మనిషిని రుజువు అడుగుతారు. మధ్యయుగపు వేషాల మీద ఏ సినిమా చూసినా నేనిప్పుడు దారం, రంగు, దండం చూస్తాను, అవి చూడాల్సినవే. తర్వాత ఇంకొకటి కూడా చూస్తాను: ఎవరైనా దండం పెట్టినప్పుడు ఆ వేషంలో ఉన్న మనిషి ఏం చేస్తున్నాడు?

నేను లిఫ్ట్ ఎక్కేశాను.