నీడకి వయసొస్తుందా?

వీడియో గేములకి ముసలితనం తొందరగా మీదపడుతుంది. సినిమా పాతబడితే నెత్తిన పెట్టుకుంటాం. నవల పాతబడితే పిల్లలకి పాఠంగా పెడతాం. గేము పాతబడితే మాత్రం, ‘ఆ బొమ్మలేమిటండీ, అట్టముక్కల్లా!’ అని మూలపడేస్తాం. నిన్న కళ్ళు చెదరగొట్టినది ఇవాళ వెలవెలబోతుంది. 2010 జూలైలో వచ్చి, వచ్చిన నాటినుంచీ పొగడ్తలు మూటకట్టుకున్న ‘లింబో’ ఇప్పటికీ నిలబడుతుందా అని అడగడం, అందుకే, అన్యాయమేమీ కాదు.

ఆడనివారికోసం నాలుగు ముక్కలు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో ప్లేడెడ్ అనే చిన్న సంస్థ తయారుచేసిన ఆట ఇది. దీని ఊహ ఆర్ంట్ యెన్సెన్ అనే చిత్రకారుడిది. అంతకుముందు ఒక పెద్ద గేముల కంపెనీలో బొమ్మలు వేస్తుండేవాడు. 2004 ప్రాంతాల్లోనే చీకటి అడవీ అందులో ఒక కుర్రాడూ అతని కాగితాలమీదికి వచ్చేశారు. డీనో పాటీ అనే ప్రోగ్రామరు తోడయ్యాక కంపెనీ పుట్టింది. ఆట ముందు ఎక్స్‌బాక్సులో వచ్చింది. మరుసటేడు ప్లేస్టేషనుకీ కంప్యూటర్లకీ, 2013లో ఐఫోనుకీ ఎక్కింది.

కథ ఒక్క వాక్యం. అక్కో చెల్లో ఏమైందో తెలియక ఒక కుర్రాడు ‘లింబో’లోకి అడుగుపెడతాడు. ఈ వాక్యమైనా ఆట అమ్మకానికి పెట్టినప్పుడు చెప్పినదే. ఆటలో మాటన్నది లేదు, అక్షరమన్నది లేదు. అడవిలో గడ్డిమీద వాడు పడుంటాడు. మనం మీట కదిపితే రెండు తెల్లటి కళ్ళు తెరుస్తాడు. ఇటూ అటూ నడవడం, గెంతడం, దేన్నైనా పట్టుకు లాగడం - వాడికి వచ్చిన విద్యలు ఇవే. ఈత కూడా రాదు పాపం, కాస్త లోతు నీళ్ళలో దిగితే మునిగిపోతాడు.

లింబో అంటే లాటిన్‌లో అంచు. బాప్తిస్మం కాకుండానే పోయిన పసిపిల్లలు నరకం అంచున ఉండిపోతారని కేథలిక్ పండితులు కొన్ని శతాబ్దాలపాటు నమ్మారు. ఆ పిల్లలకీ మోక్షం ఉంటుందని ఆశపడటానికి ఆధారాలున్నాయని వాటికన్ వేదాంతుల సంఘం 2007లో ఒక పత్రం వెలువరించింది. మన త్రిశంకుడు గుర్తొస్తున్నాడు కదూ? కాని త్రిశంకుడికి విశ్వామిత్రుడున్నాడు. ఈ కుర్రాడికి ఎవరూ లేరు, మనం తప్ప. మనమేమో నిమిషానికోసారి వాణ్ణి చంపుతూంటాం.

తెరమీద నలుపూ, తెలుపూ, మధ్యన పొగమంచూ. పాత ఫిల్ము ఆడుతున్నట్టు వెలుగు వణుకుతూంటుంది. మనవాళ్ళకి చటుక్కున తోలుబొమ్మలాట తలపుకి వస్తుంది కాని, ఆ పోలిక నాకు కుదరదు. మన తోలుబొమ్మలు దీపం ముందు ఎరుపూ పచ్చా కురిపిస్తాయి. వాటిది రంగుల నీడ. దీనికి అసలైన చుట్టం 1926లో జర్మనీలో లొట్టె రైనిగర్ నల్లకాగితం కత్తిరించి తీసిన ‘ప్రిన్స్ అహ్మద్’ బొమ్మల సినిమా. ఆ కత్తిరింపు బొమ్మలు వందేళ్ళనాటివంటే నమ్మబుద్ధి కాదు. ‘లింబో’ కూడా అంతే. దానితోపాటు పుట్టిన ఆటల్లో నిజం మనుషుల్లా ఉన్నామని మురిసిపోయిన ముఖాలు ఇవాళ మైనం బొమ్మల్లా కనిపిస్తాయి. దీనికి ముఖమే లేదు కనక ముడతలు పడే భయమూ లేదు.

అయితే బొమ్మ ముసలిది కాకపోవడం వేరు, ఆట ముసలిది కాకపోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి మెచ్చుకోవడం నాకు నచ్చదు.

ఆట నడిచే పద్ధతి ఇదీ. గడ్డిలో ఎలుగుబంటి బోను ఉంటుంది, కనబడదు. అడుగేస్తాం, తల తెగి దొర్లుతుంది. తెర చీకటవుతుంది. రెండు మూడు సెకన్లలో వాడు బోనుకి పది అడుగుల వెనక మళ్ళీ నిలబడి ఉంటాడు. ఇన్ని ప్రాణాలని లెక్క లేదు, జరిమానా లేదు. చావే ఇక్కడ పంతులు. తప్పు ఫలానా చోట ఉందని చెప్పడానికి వేరే భాష లేదు గనక చంపి చెబుతుంది. మొదటిసారి ఆడేవాడికి ప్రతి చావూ ఒక ఉలికిపాటు. రెండోసారి ఆడేవాడికి బోను ఎక్కడుందో తెలుసు, బండరాయి ఎప్పుడు దొర్లుతుందో తెలుసు. విప్పేసిన పొడుపుకథ మళ్ళీ అడిగితే ఏముంటుంది? ‘ఒకసారికి బాగుంటుంది, అంతే’ అని పెదవి విరిచేవాళ్ళ వాదం ఇక్కడినుంచే వస్తుంది. అది కొట్టిపారేసే వాదం కాదు. ఉలికిపాటు పోయాక ఇందులో ఇంకేమైనా మిగులుతుందా అన్నదే అసలు పరీక్ష.

దానికి నా జవాబు ఆ సాలెపురుగు.

అడవిలో ఒక చెట్టు వెనక పెద్ద సాలెపురుగు పొంచి ఉంటుంది. ఒక్కో కాలు తాటిచెట్టంత. దగ్గరికి పోతే కాలు ఈటెలా దిగుతుంది. మనం బోను లాక్కొచ్చి ఆ కాలి కింద పెడతాం, కాలు తెగుతుంది. అలా తగ్గినదే మళ్ళీ దారికాచి కుర్రాణ్ణి సాలెగూట్లో చుట్టేస్తుంది. ఆ మూటలోంచే గెంతుకుంటూ పారిపోతాం. ఇంకోసారి వెంటపడుతుంది. ఇదంతా భయం. ఆఖరికి ఒక్క కాలితో మిగిలి, పాక్కుంటూ వచ్చి, ఆ ఒక్క కాలితోనే ఇంకా మనకేసి తడుముతూంటుంది. ముందు ముళ్ళ గొయ్యి ఉంది. దాటడానికి మెట్టు కావాలి. కుర్రాడు ఆ కాలు పట్టుకు లాగుతాడు. అది ఊడొస్తుంది. మిగిలిన మొండాన్ని బంతిలా దొర్లించి, ముళ్ళలో పడేసి, దానిమీంచి దాటిపోతాడు.

మొదటిసారి ఆడినవాళ్ళు ‘అమ్మయ్య’ అనుకుంటారు. రెండోసారి ఆ అమ్మయ్య రాదు. మొదట కాలు తెగినప్పుడే ఆఖరి కాలు గుర్తొస్తుంది. ఇంత సేపూ రాక్షసి అనుకున్నది ఒక పురుగు. దాన్ని చేజేతులా ముక్కలు చేస్తున్నది ఒక పసివాడు, ఆ చెయ్యి మనది. సినిమాలో అయితే ఎవడో చేశాడని ఊరుకుంటాం. ఇక్కడ మీట నొక్కినవాళ్ళం మనమే, ఇంకోలా నొక్కడానికి ఆట దారి ఇవ్వదు. ఆ అడవిలో వేరే పిల్లలూ ఉన్నారు. వాళ్ళు మనకోసం ఉచ్చులు పన్నుతారు, మనం చేరువైతే పారిపోతారు. వాళ్ళ శవాలు కూడా ఈ కుర్రాడికి పనికొచ్చే సామానే. ఈ మొదటి సగంలో చిక్కుముడీ బాధా ఒకే తాడు. ఆ బాధ జవాబు తెలిసినంత మాత్రాన తీరిపోయేది కాదు.

ఇక రెండో సగం. అడవి అయిపోతుంది, కర్మాగారం వస్తుంది. రంపాలు, అయస్కాంతాలు, పెరిగే నీళ్ళు, కిందిది పైకీ పైది కిందికీ తిరగబడే యంత్రాలు. తెలివైనవే, కొన్ని మహా తెలివైనవి. కాని సాలెపురుగు లేదు, పిల్లలు లేరు. అడవిలో బోను అడవికి చెందినది. ఇక్కడి పెట్టె మాత్రం మనం తొయ్యడానికే అక్కడ పెట్టారని ఇట్టే తెలిసిపోతుంది. ఆ వైపు కళ్ళకి తెల్లచుక్కలున్న కుర్రాడు కాకుండా ఎవణ్ణి నిలబెట్టినా ఆట మారదు. నెత్తిమీద పడి, మనిషిని ఒకే వైపుకి నడిపించే మెరుపు పురుగులు మాత్రం చివరిదాకా వణికిస్తాయి. ‘హోటల్’ అని ఇంగ్లీషులో వెలిగే అక్షరాలమీద, కరెంటు షాకు తప్పించుకుంటూ గెంతే ఘట్టమూ బాగుంటుంది. మిగతావి కరెంటు బిల్లులా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, కడుతూ పోతాం.

విడుదలైనప్పుడు ధర పదిహేను డాలర్లు. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ‘ఇంత డబ్బుకి ఇంత చిన్న ఆటా?’ అని అప్పట్లో గొణిగినవాళ్ళున్నారు. నన్నడిగితే ఒక గంట ఎక్కువే అయింది.

అదే సంస్థ 2016లో ‘ఇన్‌సైడ్’ తెచ్చింది. అదీ ఒంటరి కుర్రాడే, అదీ పొట్టి ఆటే. అందులో యంత్రం వచ్చినా మనిషిని మింగెయ్యదు. చిక్కుముడులు కథలోంచి మొలుస్తాయి, పోనుపోను పట్టు బిగుస్తుంది. ‘ఇన్‌సైడ్’ ఆడాక ‘లింబో’ ఎందుకని అనేవాళ్ళు ఆ రెండో సగం సంగతి చెబితే ఒప్పుకుంటాను. పనితనంలో తమ్ముడే గట్టివాడు. కాని మన చేతికి ఇంత మరక అంటించిన ఘట్టం నాకు తమ్ముడిలో దొరకలేదు.

శబ్దం గురించి ఒక మాట. మార్టిన్ స్టిగ్ ఆండర్సెన్ ఇందులో పాట కట్టలేదు. గాలో, తీగెల రొదో, దూరపు ఉరుమో తెలియని ఒక హోరు పరిచాడు. సెల్‌ఫోను బుల్లి స్పీకరులో అది ఈగల రొదలా వినిపిస్తుంది, చిన్న తెరమీద నలుపులో నలుపు కలిసిపోతుంది. బస్సులో ఆడే ఆట కాదు. ఎనిమిదేళ్ళ పిల్లల చేతికిచ్చేది అసలే కాదు సుమా.

ఇంకా ఆడనివారు ఇక్కడ ఆగిపోవచ్చు. చివర్లో కుర్రాడు గాజుపలక లాంటి ఒకదాన్ని బద్దలుకొట్టుకుని, నెమ్మదిగా తేలుతూ వచ్చి పడతాడు. మొదట్లోలాగే అడవిలో లేస్తాడు. నాలుగడుగుల అవతల ఒక అమ్మాయి మనకి వీపు పెట్టి నేలమీద ఏదో చేసుకుంటూంటుంది. దగ్గరికి పోతాడు. ఆమె చటుక్కున నిటారవుతుంది, తెర నల్లబడుతుంది, అంతే. ఆట మొదలుపెట్టే తెరమీద ఉన్నదీ ఆ చోటే. నిచ్చెన శిథిలమైపోయి ఉంటుంది. కింద నేలమీద రెండు చోట్ల ఈగలు ముసురుతూంటాయి.